పతంగి పట్టుకుని సహారా దాకా: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో దఖ్లా గురించి నాలుగు లైన్లు రాశాను, సహారా ఎడారి అట్లాంటిక్ సముద్రాన్ని తాకే చోట ఒక లగూన్ ఉందని, కైట్‌సర్ఫింగ్ (పెద్ద పతంగిని నడుముకి తగిలించుకుని, అది గాలికి లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్ల మీద జారే ఆట) కోసం 11 రాత్రులు అక్కడ ఉండొచ్చానని. ఆ నాలుగు లైన్లకి వచ్చిన ఉత్తరాలు చూస్తే మన హైదరాబాద్‌లో ఇంతమందికి గాలి పిచ్చి ఉందా అని చాలా సంతోషమేసింది. అన్నింటికీ రాసే చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగిన సంగతులున్న ఐదు ఉత్తరాలు తీసుకున్నాను.

అక్కా, మేమిద్దరం సాఫ్ట్‌వేర్, కొండాపూర్‌లో ఉంటాం. మార్చిలో 9 రోజులు లీవ్ కుదురుతోంది. దఖ్లా వీడియోలు చూసి ఫిక్స్ అయిపోయాం. ఇద్దరం ఎప్పుడూ కైట్ పట్టుకోలేదు, మా ఆవిడకి ఈత బాగా వచ్చు, నాకు ఏదో వచ్చు. 9 రోజుల్లో నేర్చేసుకోవచ్చా? దారిలో మర్రకేష్ కూడా చూసేయొచ్చా? ఎలా ప్లాన్ చేయాలి?
– ఒక పాఠకుడు, కొండాపూర్

తమ్ముడూ, సూటిగా చెప్పేస్తా, 9 రోజుల కోసం దఖ్లా వెళ్లకండి. ఎందుకో లెక్క చూడు. మన శంషాబాద్ నుంచి మొరాకోకి నేరుగా ఫ్లైట్ లేదు, దుబాయో దోహానో అబుదాబీనో దిగి మారాలి, అక్కడి నుంచి కాసాబ్లాంకాకి ఎనిమిది గంటల దాకా పడుతుంది, కాసాబ్లాంకా నుంచి దఖ్లాకి ఇంకో డొమెస్టిక్ ఫ్లైట్, అది రెండు గంటల పైనే. ఆ రెండింటికీ టైమ్ కలవకపోతే కాసాబ్లాంకాలో ఒక రాత్రి పడుకోవాలి. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు అనుకుంటే మీ చేతిలో ఐదు మిగులుతాయి. అందులో ఒక రోజు గాలి లేదనుకో, ఒక రోజు ఒళ్లు నొప్పులతో లేవలేదనుకో (మొదటిసారి వాళ్లకి మూడో రోజు తప్పకుండా వస్తాయి, చేతులకి కాదు, నడుముకీ పక్కటెముకలకీ, కైట్‌ని తగిలించే నడుము పట్టీ, అదే హార్నెస్, పట్టేస్తుంది కదా), మిగిలేది మూడు రోజులు. మూడు రోజుల్లో కైట్ ఆడించడం వస్తుంది, నీళ్లలో ఈడ్చుకుపోవడం వస్తుంది, సరిగ్గా బోర్డు మీద లేచి నిలబడే టైమ్‌కి బ్యాగు సర్దుకోవాలి. అంత డబ్బు పోసి అంత దూరం వెళ్లి ఆ చివరి మెట్టు దగ్గర తిరిగి రావడం ఎంత బాధగా ఉంటుందో నేను పక్క టెంట్‌లో వాళ్ల ముఖంలో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మరి ఏం చేయాలంటే, మొదటి మెట్లు ఇంటి దగ్గర ఎక్కేయండి. రామేశ్వరంలో కైట్ నేర్పేవాళ్లున్నారు. హైదరాబాద్ నుంచి మదురైకి ఫ్లైట్, అక్కడి నుంచి కారులో ఒక 170 కిలోమీటర్లు, అంతే. అక్కడ గాలి సీజన్లు రెండు, ఎండాకాలం మొదలు సెప్టెంబర్ దాకా నైరుతి వైపు నుంచి ఒకటి, చలికాలంలో ఈశాన్యం నుంచి ఇంకొకటి. ద్వీపానికి రెండు పక్కలా నీళ్లున్నాయి కాబట్టి గాలి ఎటు తిరిగినా ఏదో ఒక పక్క నీళ్లు చదునుగా దొరుకుతాయి. మీ 9 రోజుల లీవ్ అక్కడ పెట్టండి. సాధారణంగా ఒక మనిషికి బోర్డు మీద లేవడానికి 9 నుంచి 12 గంటల ట్రైనింగ్ పడుతుంది, రోజుకి రెండు మూడు గంటలు మించి శరీరం ఒప్పుకోదు, కాబట్టి ఐదారు రోజుల్లో అది అయిపోతుంది. ఆ తర్వాత ఇంకో లీవ్‌లో, కనీసం 14 రోజులు పెట్టుకుని దఖ్లా వెళ్లండి. అప్పుడు ఎడారిలో మీరు గడిపే ప్రతి గంటా నేర్చుకునే గంట కాదు, నీళ్ల మీద జారే గంట అవుతుంది. టికెట్ ఖరీదు అదే, దక్కేది మాత్రం పది రెట్లు.

ఇక దఖ్లా నెల. మార్చి చెడ్డది కాదు గానీ నన్నడిగితే ఏప్రిల్ చివర నుంచి జూన్ లోపు, లేదంటే సెప్టెంబర్. అక్కడ గాలి వీచేది ట్రేడ్ విండ్స్ వల్ల, అట్లాంటిక్‌లో అజోర్స్ దీవుల దగ్గర హై ప్రెషర్ కూర్చుని ఉంటుంది, ఇటు సహారా వేడెక్కి లో ప్రెషర్ అవుతుంది, ఈ రెండింటి మధ్య గాలి తీరం వెంబడి ఉత్తరం నుంచి కిందకి పరిగెడుతుంది. ఎడారి ఎంత కాలితే గాలి అంత గట్టిపడుతుంది కాబట్టి ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా బలమైన నెలలు, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మధ్యమధ్యలో నాగా పెడుతుంది. బక్రీద్ ఏ వారంలో పడుతుందో ముందే చూసుకోండి, ఆ నాలుగు రోజులూ దేశమంతా ఇళ్లకి పోతుంది, డొమెస్టిక్ ఫ్లైట్‌లో సీటు దొరకదు.

మనవాళ్లు నమ్మని సంగతి ఒకటుంది, అది ఎడారే కానీ వేడి కాదు. ఆ తీరం పక్క నుంచి కెనరీ కరెంట్ అనే చల్లటి ప్రవాహం పోతుంది, అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి, దానికి తోడు గాలి ఆగదు. మేలో ఇక్కడ 42 డిగ్రీల్లో కూలర్ ముందు కూర్చుంటాం కదా, అదే నెలలో అక్కడ సాయంత్రం నేను స్వెటర్ వేసుకుని టీ తాగాను. నీళ్లు కూడా చల్లగానే ఉంటాయి, సుమారు 18 నుంచి 22 డిగ్రీలు, కాబట్టి ఒళ్లంతా కప్పే 3/2 మందం వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు సూటు, మొండెం దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్లకీ 2) తీసుకోండి, పొట్టి చేతులది యూరప్ వాళ్లకి సరిపోతుంది, మనకి చాలదు. ఎండ మాత్రం చల్లగాలిలో తెలియకుండా కాల్చేస్తుంది, పెదాలకీ చెవుల వెనకా సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు.

స్థలం ఎలా ఉంటుందంటే, సముద్రంలోకి పొడుచుకొచ్చిన దాదాపు 40 కిలోమీటర్ల సన్నటి నేల ముక్క, దాని కొసన దఖ్లా ఊరు, ఆ ముక్కకీ అసలు ఎడారికీ మధ్య చిక్కుకున్న నీళ్లు లగూన్. కైట్ క్యాంపులు ఊళ్లో ఉండవు, ఊరికి పాతిక కిలోమీటర్ల పైన, లగూన్ తల దగ్గర ఉంటాయి. ఇక్కడొక ముఖ్యమైన విషయం గుర్తుపెట్టుకో తమ్ముడూ, గాలి వచ్చేది ఉత్తరం వైపు నుంచి, లగూన్ నోరు తెరుచుకునేది దక్షిణానికి. అంటే నువ్వు కైట్ పడేసుకుని లేపలేకపోతే గాలి నిన్ను చాలా చోట్ల ఒడ్డుకి చేర్చదు, నీళ్ల మధ్యలోకి తీసుకుపోతుంది. అందుకే క్యాంప్ బుక్ చేసేటప్పుడు రూమ్ ఫొటోలు కాదు చూడాల్సింది, రెస్క్యూ బోటు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా నీళ్లలో ఉంటుంది, ఒక ట్రైనర్‌కి ఎంతమంది స్టూడెంట్స్, ట్రైనర్ మాట వినపడే రేడియో హెల్మెట్ ఇస్తారా, ఐకేఓ (కైట్ ట్రైనర్లకి సర్టిఫికెట్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) సర్టిఫికెట్ ఉన్న ట్రైనరేనా, ఈ నాలుగూ మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. జవాబు దాటేసే చోట బుక్ చేయకండి.

ఆటుపోట్లు కూడా చూసుకోవాలి. పోటు మీద మెడలోతున్న చోటే ఆటు మీద మోకాలి లోతు, కొన్నిచోట్ల ఇసుక తేలిపోతుంది. నేను రెండో రోజు ఇది పట్టించుకోకుండా మధ్యాహ్నం దూరంగా పోయాను, వచ్చేసరికి నీళ్లు వెనక్కి పోయి, కైట్ దించి చుట్టి, బోర్డు చంకలో పెట్టుకుని తడి ఇసుక మీద గంట నడిచాను, ఆల్చిప్పలు కాళ్లు కోశాయి. నీళ్లలో వేసుకునే బూట్లు కొనండి, బోర్డు కంటే ముందు అవి.

ఇద్దరికీ ఒకే కైట్ సరిపోతుందా అని మీరు అడగలేదు గానీ అడుగుతారు. సరిపోదు. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లు అవుతుంది, 15 నాట్లకీ 30 నాట్లకీ తేడా అదన్నమాట (ఒక నాటు అంటే గంటకి 1.852 కిలోమీటర్లు). 20 నాట్ల గాలిలో 80 కిలోల మనిషికి 10 మీటర్ల కైట్ (కైట్ సైజు చెప్పేటప్పుడు మీటర్లంటే చదరపు మీటర్లు) కావాలంటే 58 కిలోల మనిషికి 7, 8 మీటర్లది చాలు. కాబట్టి బుక్ చేసేటప్పుడు మీ ఇద్దరి బరువూ నిజం చెప్పండి, రెండు కిలోలు తగ్గించి చెప్తే ఇబ్బంది పడేది మీరే.

మర్రకేష్ సంగతి, పటంలో దగ్గరగా కనిపిస్తుంది గానీ కాసాబ్లాంకా నుంచి దఖ్లాకి రోడ్డు మీద 1,600 కిలోమీటర్ల పైనే, మన దగ్గర్నుంచి ఢిల్లీ కంటే దూరం. రోడ్డు ఆలోచన వదిలేయండి. తిరుగు ప్రయాణంలో కాసాబ్లాంకాలో ఒక రోజు ఎలాగూ పడుతుంది, హసన్ 2 మసీదు చూడండి, సముద్రం మీదకి కట్టారు, మినార్ ఎత్తు 210 మీటర్లు, మన చార్మినార్ మినార్లు 60 మీటర్ల లోపే కదా, అక్కడ నిలబడి తలెత్తితే మెడ పట్టేస్తుంది. మర్రకేష్‌కి వేరే ట్రిప్ పెట్టుకోండి.

వీసా కావాలి, మొరాకో ప్రభుత్వ సైట్‌లోనే చూసి అప్లై చేయండి, ఏజెంట్ మాట నమ్మి టికెట్లు ముందు కొనకండి. వాళ్ల దిర్హామ్‌లు బయట దేశాల్లో దొరకవు, యూరోలు పట్టుకెళ్లి అక్కడ మార్చుకోండి. ఇంకోటి, మీరు సాఫ్ట్‌వేర్ కాబట్టి డ్రోన్ ఉండే ఉంటుంది, దాన్ని ఇంట్లోనే పెట్టండి, పర్మిషన్ లేకుండా మొరాకోకి డ్రోన్ తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్‌లోనే తీసేసుకుంటారు.

మేడమ్, మా అమ్మాయికి 26 ఏళ్లు, ఫ్రెండ్‌తో కలిసి ఈ దఖ్లాకి పోతానంటోంది. నేను మ్యాప్‌లో చూస్తే ఆ చోట గీత చుక్కలు చుక్కలుగా ఉంది. అసలు అది ఏ దేశం? ఆడపిల్లలు వెళ్లొచ్చా? మీరు కూడా ఒక ఆడమనిషి కాబట్టి అడుగుతున్నాను.
– ఒక తల్లి, నల్లకుంట

అమ్మా, ఆ చుక్కల గీత గమనించారు చూడండి, టికెట్ కొనే పిల్లల్లో సగం మంది అది చూడరు. అది పశ్చిమ సహారా. ఒకప్పుడు స్పెయిన్ చేతిలో ఉండేది, దఖ్లాని విల్లా సిస్నెరోస్ అనేవాళ్లు. 1975 నవంబర్‌లో మొరాకో నుంచి లక్షల మంది జనం గ్రీన్ మార్చ్ అని సరిహద్దు దాటారు, ఆ మరుసటి ఏడాది స్పెయిన్ వెళ్లిపోయింది. తర్వాత మొరాకో ఒక పక్క, స్వతంత్ర దేశం కావాలనే పొలిసారియో ఇంకో పక్క, యుద్ధం 1991 దాకా నడిచింది. దఖ్లా ఉన్న దక్షిణ భాగం కొన్నాళ్లు మారిటానియా చేతిలో కూడా ఉంది, 1979లో వాళ్లు తప్పుకున్నారు. ఇవాళ దఖ్లాలో పోలీసు, పోస్టాఫీసు, ఎయిర్‌పోర్టు అన్నీ మొరాకోవే, వీసా మొరాకోదే, కానీ ఐక్యరాజ్యసమితి లెక్కలో అది ఇంకా తేలని భూమి. మన దేశం కూడా పొలిసారియో వాళ్ల రిపబ్లిక్‌ని 1985లో గుర్తించి 2000లో ఆ గుర్తింపు వెనక్కి తీసుకుంది. అమ్మాయికి ఇది తెలిసి ఉండాలి, ఎందుకంటే అక్కడ టీ దగ్గర కూర్చున్న సహ్రావీ (ఆ నేల మనుషుల్ని అలా అంటారు) మనిషితో ఈ విషయం తేలిగ్గా మాట్లాడకూడదు, అది వాళ్ల ఇళ్లు, వాళ్ల చుట్టాలు విడిపోయిన సంగతి. 2020 నవంబర్‌లో కాల్పుల విరమణ మళ్లీ చెడింది కూడా. ఆ గొడవలు దఖ్లా ఊరికి చాలా దూరంలో, తూర్పున ఇసుక గోడ కట్టిన వైపు. ఆ గోడ చుట్టుపక్కల మందుపాతరలు ఉన్నాయి. కాబట్టి ఒక్కటే నియమం, రోడ్డు వదిలి ఎడారి లోపలికి జీపులో సరదాగా పోదామని ఎవరన్నా వద్దు, తెల్ల ఇసుక దిబ్బ లాంటి అందరూ పోయే చోట్లకి క్యాంప్ వాళ్లతోనే.

నా మట్టుకు చెప్పాలంటే, క్యాంపులో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు చాలామంది కనిపించారు, నాకు ఎక్కడా భయం వేయలేదు. నీళ్ల దగ్గర వెట్‌సూట్ మామూలే, ఊళ్లోకి పోతే భుజాలూ కాళ్లూ కప్పే బట్టలు. దారిలో పోలీసు చెక్‌పోస్టులు వస్తాయి, పాస్‌పోర్ట్ జిరాక్స్‌లు ఒక పది పెట్టుకుంటే ఆగే పని తొందరగా అయిపోతుంది. ఎయిర్‌పోర్ట్‌కి క్యాంప్ బండినే రమ్మనాలి, రాత్రి దిగితే మరీ.

అమ్మా, మీరు నిజంగా పట్టుబట్టాల్సింది ఇన్సూరెన్స్ మీద. రెండు ప్రశ్నలు, కైట్‌సర్ఫింగ్‌లో దెబ్బ తగిలితే ఇస్తారా, పశ్చిమ సహారాలో తగిలితే ఇస్తారా. మామూలు ట్రావెల్ పాలసీలు చాలావరకు సాహస క్రీడల్ని పక్కన పెడతాయి, కొన్ని ప్రాంతాల్ని కూడా. ఫోన్‌లో ఔనంటే సరిపోదు, మెయిల్‌లో రాసివ్వమనండి. అది చేతికొచ్చాక అమ్మాయిని నిశ్చింతగా పంపండి.

సొంత కైట్ కొనుక్కుని తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకి తీసుకోవాలా? నేను రామేశ్వరంలో రెండు సీజన్లు చేశాను.
– ఒక పాఠకుడు, తార్నాక

రెండు సీజన్లు చేశారు కాబట్టి హార్నెస్ మాత్రం మీది మీరు తీసుకెళ్లండి, నడుముకి అలవాటైంది వేరు. కైట్లు అక్కడ అద్దెకి తీసుకోవడం మేలు. గాలి బట్టి 7, 9, 12 మార్చుకోవాల్సి వస్తుంది, మూడు కైట్లూ పంపూ బోర్డూ చేత్తో పట్టుకునే బారూ కలిపితే బ్యాగు పాతిక కిలోలు దాటుతుంది, మూడు ఫ్లైట్లు మారాలి. నేను మొదటిసారి నా 8 మీటర్లది మోసుకెళ్లాను, ఆఖరి ఫ్లైట్ చిన్నది, చోటు లేదని నా బ్యాగు కాసాబ్లాంకాలోనే దింపేశారు, నాకు చెప్పలేదు కూడా. రెండు రోజులు బ్రహ్మాండమైన గాలి వీస్తుంటే ఒడ్డున కూర్చున్నాను, ఎయిర్‌లైన్ కౌంటర్‌లో అడిగితే రేపు అన్నారు, మర్నాడు కూడా రేపే. ఆఖరికి అద్దె కైటే తీసుకున్నాను. ఏది తీసుకున్నా గాలి నింపాక కైట్ ముందువైపు అంచులో ఉండే ట్యూబ్‌ని వేలితో కొట్టి చూడండి, మృదంగం శృతి చూసినట్టు టంగుమనాలి, మొద్దుగా మోగితే ఇంకా పంపు కొట్టాలి, మెత్తటి కైట్ నీళ్లలో పడ్డాక లేవదు. ఇసుక వాల్వ్‌లోకి పోకుండా ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి.

శాకాహారులం, ఉల్లి వెల్లుల్లి తింటాం. తిండికి ఇబ్బందా?
– మల్కాజిగిరి నుంచి ఒక కుటుంబం

ఆకలికి ఇబ్బంది లేదు, రుచికి ఉంది. కూరగాయల కుస్‌కుస్ (గోధుమరవ్వతో చేసేది), కూరగాయల తజీన్ (మట్టిపాత్రలో ఉడికించే కూర), రొట్టె, ఆలివ్, ఖర్జూరం, పప్పు దొరుకుతాయి, కానీ ‘కూరగాయలది’ అని తెచ్చినా దాన్ని మాంసం నీళ్లలో ఉడికించి ఉండొచ్చు, హరీరా సూప్‌లో కూడా మాంసం ఉంటుంది చాలాసార్లు, కాబట్టి బుకింగ్ టైమ్‌లోనే వంటవాళ్లకి విడిగా చేయమని చెప్పించండి. ఊరంతా చేపలు, ఆక్టోపస్, ఆల్చిప్పలు, లగూన్‌లో ఆయిస్టర్ ఫారాలు ఉన్నాయి, అవి తినేవాళ్లకి పండగే. మీరు గోంగూర, కందిపొడి గట్టిగా సీల్ చేసి చెక్-ఇన్ బ్యాగులో పెట్టుకోండి. కుస్‌కుస్‌లో కందిపొడి, కాస్త ఆలివ్ నూనె కలుపుకుంటే, నేను రోజూ రాత్రి అదే తిన్నాను. వాళ్ల టీ మాత్రం వదలకండి, పుదీనా వేసి, ఎత్తు నుంచి నురగ వచ్చేలా పోస్తారు, మూడు గ్లాసులు తాగేదాకా లేవనివ్వరు. గాలి లేని రోజు ఫ్లెమింగోల్ని చూడ్డానికి వెళ్లండి, మనం పులికాట్ పోయి చూస్తామే అవే రాజహంసలు, ఆ లగూన్ కూడా రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో ఉంది.

అక్కా, నాది మలక్‌పేట. చిన్నప్పటి సంది పతంగులు ఎగరేస్త, సంక్రాంతికి మా గల్లీల నన్ను కొట్టేటోడు లేడు. ఈ కైట్‌సర్ఫింగ్ సూస్తుంటే గుండె గుంజుతుంది. నాకు పతంగి అలవాటు పనికొస్తదా? ఈత అయితే రాదు. పైసలు కూడ ఇప్పుడే లెవ్వు, రెండేండ్లల్ల జమ చేస్త.
– ఒక తమ్ముడు, మలక్‌పేట

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను తమ్ముడూ. పనికొస్తుంది, నువ్వనుకున్నదానికంటే ఎక్కువే పనికొస్తుంది, కానీ ఒకచోట అదే నీకు అడ్డం కూడా పడుతుంది, రెండూ చెప్తా.

పనికొచ్చేది ఢీల్. పతంగి మీద గాలి గట్టిగా వచ్చినప్పుడు మాంజా వదుల్తావు కదా, చేతికి తెలుస్తుంది, ఆలోచించక్కర్లేదు. కైట్‌లో కూడా అంతే, చేతిలో ఒక బార్ ఉంటుంది, దగ్గరికి లాక్కుంటే కైట్ గాలిని నిండా పట్టుకుంటుంది, దూరంగా తోస్తే గాలి జారిపోతుంది. కొత్తవాళ్లు భయపడగానే చేసే పని బార్‌ని గుండెకి లాక్కోవడం, కారులో స్టీరింగ్ పట్టుకున్నట్టు, అప్పుడు కైట్ ఇంకా లాగుతుంది, ఎగిరి పడతారు. మా ట్రైనర్ నాతో రోజుకి ఇరవైసార్లు అరిచేవాడు వదులు వదులు అని, నాకు ఆ మాట తలకెక్కింది నాలుగో రోజు, చిన్నప్పుడు డాబా మీద మా అన్న ‘ఢీల్ దే’ అని అరిచింది గుర్తొచ్చాక. ఆ రోజే బోర్డు మీద లేచాను. ఆ వదలడం నీ చేతుల్లో ఇప్పటికే ఉంది, అది చాలా పెద్ద ఆస్తి.

గాలి ఎక్కడ బలంగా ఉంటుందో కూడా నీకు తెలుసు. గాలికి వీపు పెట్టి నిలబడితే ఎదురుగా పెద్ద గడియారంలో పై సగం ఉందనుకో, సరిగ్గా నెత్తి మీద 12, కుడిపక్కన 3, ఎడమపక్కన 9. కైట్ 12 దగ్గర ఉంటే ఊరికే ఉంటుంది, కిందకి నీ ముందుకి దిగితే లాగుతుంది. బోర్డు మీద లేవడం అంటే కైట్‌ని 12 నుంచి ఒక పక్కకి గబుక్కున దించడమే, పేచీలో పతంగిని ఒక్కసారి కిందకి కొట్టినట్టు.

అడ్డం పడేది తీగ. గల్లీలో చిక్కు పడితే మాంజాని చేత్తో పట్టేసుకుంటావు. కైట్ తీగలు ఒక్కొక్కటి 20 మీటర్ల పైన, వాటి కొసన ఒక మనిషిని నీళ్ల మీద నుంచి లేపే బలం ఉంటుంది, వేలు చుట్టుకుందంటే వేలు పోతుంది. ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ తీగ ముట్టుకోవద్దు. నడుము దగ్గర క్విక్ రిలీజ్ అని ఒకటుంటుంది, దాన్ని తోస్తే కైట్ బలం మొత్తం పోయి నీళ్ల మీద పడుకుంటుంది. మొదటి రోజు ఒడ్డున కళ్లు మూసుకుని దాన్ని ఇరవైసార్లు నొక్కి చూడు, భయపడ్డప్పుడు చెయ్యి తనంతట అదే దాని దగ్గరికి పోవాలి. ఎర్ర తీగ ఎడమవైపు, తగిలించేటప్పుడు ఇది ఒక్కటి తప్పినా కైట్ తిరగబడి లేస్తుంది. కైట్ దించడానికి సాయం కావాలంటే అరిస్తే గాలిలో వినపడదు, తల మీద అరచేత్తో తట్టుకో, ఏ దేశంవాడికైనా అర్థమవుతుంది. పేచీ మనసు మాత్రం మన గల్లీలోనే వదిలేసి పో. ఎదురుగా ఇంకొకడు వస్తే గాలి వైపు ఉన్నవాడు కైట్ పైకెత్తాలి, రెండోవాడు దించాలి. అక్కడ తీగలు కలిస్తే ఇద్దరికీ దెబ్బలే.

ఈత రాకుండా మాత్రం వద్దు. లగూన్ లోతు తక్కువ, జాకెట్ ఇస్తారు అని ఎవరైనా అంటే నమ్మకు, ఇందాక చెప్పాను కదా గాలి మధ్యలోకి తోస్తుందని. నువ్వు రెండేళ్లు అన్నావు, అది చక్కటి టైమ్. ఈ ఎండాకాలం జీహెచ్‌ఎంసీ స్విమ్మింగ్ పూల్‌లో చేరు, ఆగకుండా 200 మీటర్లు ఈదడం, పది నిమిషాలు కాళ్లు ఆనకుండా తేలడం, ఈ రెండూ వచ్చేదాకా వదలొద్దు. జూలైలో హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలు జరుగుతాయి, ట్యాంక్‌బండ్ మీద ఒక మధ్యాహ్నం నిలబడి ఆ పడవలు గాలికి ఎదురు ఎలా అడ్డదిడ్డంగా ఎక్కుతాయో చూడు, కైట్‌లో అందరికీ చివరగా వచ్చే విద్య అదే, బయల్దేరిన చోటికి తిరిగి రావడం. కైట్ ఇవాళ ఒలింపిక్స్‌లో కూడా ఉంది, 2024 పారిస్ ఆటల్లో మొదటిసారి పెట్టారు, మార్సెయ్ సముద్రంలో. అక్కడ గెలిచినవాళ్లకీ మొదట రావాల్సింది ఈ ఢీలే.

పూల్‌లో 200 మీటర్లు పూర్తయిన రోజు నాకు మళ్లీ రాయి, నీ బరువెంతో కూడా రాయి. రామేశ్వరానికి ఏ నెలలో పోవాలో, ఎన్ని రోజులకి ఎంత పట్టుకోవాలో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.